పూత వేసిన డిస్కుల మీదే ఎముక కణాలు చస్తున్నాయి, ఉత్త టైటానియం మీద బాగున్నాయి. తప్పెక్కడ?

రాత్రిషిఫ్ట్_స్కాలర్
మూడు నెలలుగా ఇదే గోల. 12 మిల్లీమీటర్ల టైటానియం డిస్కులు, వాటి మీద సోల్-జెల్ పద్ధతిలో (ద్రావణంలో ముంచి, ఆరబెట్టి, కాల్చడం) హైడ్రాక్సీఅపటైట్ అనే కాల్షియం ఫాస్ఫేట్ ఖనిజం పూత. మూడుసార్లు ముంచి తీయడం, ఆరబెట్టడం, చివర్లో 600 డిగ్రీల్లో గంట కాల్చడం. సెమ్‌లో (ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్) చూస్తే ముచ్చటగా ఉంది, పెద్ద పగుళ్లు లేవు. నీటి చుక్క కాంటాక్ట్ యాంగిల్ (ఎంత తక్కువైతే నీళ్లు అంత బాగా పరుచుకున్నట్టు) ఉత్త టైటానియానికి 70 డిగ్రీలు దాటితే పూతకి 20 లోపే. కాగితం మీద అన్నీ నావైపే ఉన్నాయి.

కణాలు వేయగానే కథ అడ్డం తిరుగుతోంది. ఎంసీ3టీ3 అనే ఎలుక ఎముక కణాలతో మూడో రోజు ఎంటీటీ (బతికున్న కణాలని కొలిచే రంగు పరీక్ష) చేస్తే పూత ఉన్నవాటి రీడింగ్ ఉత్త టైటానియంలో సగం కూడా లేదు. మూడుసార్లు చేశా, మూడుసార్లూ అంతే. నేను పూసింది ఎముకలో ఉండే ఖనిజం లాంటిదే కదా, దాన్ని చూసి ఎముక కణం బెదిరిపోవడమేంటి? మా గైడ్ అయితే "నీ చేతిలోనే ఏదో ఉంది" అని తేల్చేశారు. ఎవరికైనా ఇలా జరిగిందా?

సున్నపుతేట
కణాలకి కూడా నీ థీసిస్ నచ్చలేదేమో.

కణాలకాపరి
ముందు పూతని తిట్టకు తమ్ముడూ, ప్లేట్ సంగతి చెప్పు. 24 వెల్ (గుంటల) ప్లేటేనా? దాని వెల్ అడుగు పదిహేనున్నర మిల్లీమీటర్ల పైమాట. అందులో 12 మిల్లీమీటర్ల డిస్క్ పెడితే అడుగులో అరవై శాతం కూడా కప్పదు. చుట్టూ ఉన్న సందులో పడ్డ కణాలు ప్లాస్టిక్ మీద హాయిగా పెరుగుతాయి. ఎంటీటీకి ముందు డిస్క్‌ని చిమటాతో తీసి కొత్త వెల్‌లో పెట్టకపోతే నువ్వు కొలిచేది ప్లాస్టిక్‌ని, టైటానియాన్ని కాదు. నా మొదటి ఏడాది మొత్తం అలాగే పోయింది. అప్పుడు నా డిస్కులన్నీ ఒకే మార్కు తెచ్చుకునేవి, నేనేమో "అన్నీ సమానంగా మంచివి" అని రాసుకున్నా.

ఇంకా, స్టెరిలైజేషన్ ఎలా? పాసేజ్ ఎంత, అంటే కణాల్ని ఎన్నిసార్లు కొత్త గిన్నెలోకి మార్చి పెంచావు? డిస్క్ మీద కణాలు చుక్కగా వేసి అతుక్కున్నాక మీడియా (కణాల పోషక ద్రవం) పోశావా, లేక ఒకేసారి నింపేశావా?

రాత్రిషిఫ్ట్_స్కాలర్
@కణాలకాపరి డిస్కులు మార్చాకే చేశా అక్కా. ఆటోక్లేవ్. పాసేజ్ 12. చుక్కగా వేసి గంటన్నర ఆగి మీడియా పోశా. అన్నిటికీ ఒకే ప్లేట్, ఒకే రోజు. పూత ఉన్న వెల్స్‌లో మీడియా కాస్త ముదురు గులాబీగా కనిపించింది, బహుశా హుడ్‌లో ఎక్కువసేపు బయట పెట్టినందుకేమో.

బఫర్‌బాబు
నా అనుమానం కాల్షియం మీద. సరిగ్గా స్ఫటికం కట్టని కాల్షియం ఫాస్ఫేట్ పూతలు మీడియాలోని కాల్షియాన్ని లాగేసుకుంటాయి. ఒంట్లో అయితే రక్తం ఎప్పటికప్పుడు కొత్తది తెస్తుంది కాబట్టి ఇబ్బంది లేదు. వెల్‌లో ఉండేది మిల్లీలీటరు ద్రవం, అందులో కాల్షియం పడిపోతే కణాలు నీరసపడతాయి. జంతువుల్లో బ్రహ్మాండంగా పనిచేసిన పూతలు ప్లేట్‌లో ఫెయిలవడానికి ఇదో పెద్ద కారణం. రాత్రంతా మీడియాలో నానబెట్టి, ఆ మీడియా పారబోసి, అప్పుడు కణాలు వెయ్యి.

దంతవేదాంతి
ఒక పాత ప్రశ్న వేస్తా, కొట్టకండి. అసలు పూత ఎందుకు? స్వీడన్ పరిశోధకుడు బ్రోనెమార్క్ 1952లో కుందేలు ఎముకలో టైటానియం చాంబర్ పెట్టింది రక్తప్రసరణ చూడటానికి. పని అయ్యాక తీయబోతే ఊడి రాలేదు, ఎముక పట్టేసింది. దాని మీద ఏ పూతా లేదు. గాలి తగలగానే టైటానియం తనంతట తనే వేసుకునే కొన్ని నానోమీటర్ల ఆక్సైడ్ పొరే ఉంది. 1965లో మొదటి రోగికి పెట్టినవి కూడా ఉత్త టైటానియం స్క్రూలే. ఆ రోగి చనిపోయేదాకా, అంటే నలభై ఏళ్లు, ఆ పళ్లతోనే తిన్నాడు.

ఆ తర్వాత 80ల్లో మా వాళ్లు హైడ్రాక్సీఅపటైట్ పూసిన పంటి ఇంప్లాంట్లని ఎగబడి వాడారు. మొదటి రెండు మూడేళ్లు ఫలితాలు మెరిశాయి. తర్వాత కొన్నిటికి పూత పొరలుగా లేవడం, కరగడం, ఆ గరుకులో బ్యాక్టీరియా చేరడం. నా దగ్గరికి అలాంటి పాత కేసు ఒకటి వచ్చింది. చిగురు తెరిచి చూస్తే గోడకి పెచ్చు లేచినట్టు తెల్లటి పొర లోహం నుంచి విడిపోయి ఉంది, గోరుతో గీకితే వచ్చేసేలా. అప్పటి నుంచి నాకు పూత అంటే పడదు.

ప్లాస్మాగన్
@దంతవేదాంతి పెచ్చు లేచింది పూత తప్పు కాదు డాక్టర్ గారూ, వేసినవాడి తప్పు. పదేళ్లుగా నా పని అదే, కాబట్టి కాస్త ఎక్కువ మాట్లాడతా.

ప్లాస్మా స్ప్రేలో (పొడిని మంటలో కరిగించి లోహం మీద చిమ్మే పద్ధతి) మంట మధ్యలో పదివేల డిగ్రీలు దాటుతుంది. పొడి రేణువు అందులో ఉండేది మిల్లీసెకన్ల లెక్క. పైపైన కరిగి, లోపల గట్టిగా ఉన్న రేణువు లోహానికి టపీమని కొట్టుకుని అప్పడంలా పరుచుకోవాలి. పూర్తిగా కరిగిందా, చల్లారేటప్పుడు స్ఫటికం కట్టే టైం ఉండదు, గాజులా మిగులుతుంది. ఇంకా వేడెక్కిందా, అపటైట్ విరిగిపోయి ట్రైకాల్షియం ఫాస్ఫేట్, టెట్రాకాల్షియం ఫాస్ఫేట్, చివరికి కాల్షియం ఆక్సైడ్ కూడా వస్తుంది. ఇవన్నీ ఒంట్లో అపటైట్ కంటే వేగంగా కరుగుతాయి. అడుగున ఉన్నది ముందు కరిగితే పైపొర లేవక ఏం చేస్తుంది?

పైగా అపటైట్ వేడికి టైటానియం కంటే ఎక్కువ వ్యాకోచిస్తుంది. చల్లారేటప్పుడు పూత ఎక్కువ ముడుచుకోవాలని చూస్తుంది, కింద లోహం ఒప్పుకోదు, పూతలో లాగుడు మిగిలిపోతుంది. పూత మందం పెరిగేకొద్దీ ఈ బెడద పెరుగుతుంది. అందుకే ఐఎస్ఓ 13779 ప్రమాణంలో స్ఫటికత కనీసం 45 శాతం, అతుకు బలం కనీసం 15 మెగాపాస్కల్స్ అని గీత గీశారు. 80ల్లో అందరూ ఆ గీత మీద నడవలేదు.

దంతవేదాంతి
@ప్లాస్మాగన్ సరే, వేసినవాడి తప్పే అనుకుందాం. గరుకు చేసి యాసిడ్‌తో చెక్కిన ఉత్త టైటానియం అదే పని చేస్తుంటే ఊడిపోయే వస్తువు మధ్యలో ఎందుకు? ఇసుకతో కొట్టి యాసిడ్ పట్టించిన ఉపరితలాలు మా రంగాన్ని ఎప్పుడో గెలిచేశాయి.

తుంటిడాక్టర్
ఇద్దరూ మీ మీ చోట కరెక్టే. దవడలో స్క్రూ మరలు ఎముకని మొదటి రోజే పట్టుకుంటాయి. తుంటిలో స్టెమ్‌ని (తొడ ఎముకలోకి దిగే కాడ) దిగగొడతాం, అక్కడ కొద్దిపాటి ఖాళీలు మిగులుతాయి. పూత ఉంటే ఎముక ఆ ఖాళీని తొందరగా దాటుతుంది. 1985లో బ్రిటిష్ సర్జన్ ఫర్లాంగ్ పూర్తి పూత ఉన్న స్టెమ్ పెట్టడం మొదలెట్టాక వాటిలో చాలా మటుకు దశాబ్దాల పాటు నిలిచాయి.

కానీ పూత ఉంటేనే నిలుస్తుందా అంటే, అలా చెప్పలేం. స్వీడన్ తుంటి ఆపరేషన్ల రిజిస్ట్రీ లెక్కల్లో పూత ఉన్న స్టెమ్‌కి, లేని స్టెమ్‌కి ఆయుష్షులో తేడా తేలలేదు. కప్పుల (కటి ఎముక గుంటలో కూర్చునే భాగం) విషయంలో అయితే పూత ఉన్నవే ఎక్కువ వదులయ్యాయి. అంటే అదే పూత, చోటు మారితే ఫలితం మారింది.

నేను వేరే కారణంతో తీయాల్సి వచ్చిన ఒక స్టెమ్‌లో పూత చాలా చోట్ల మాయమైపోయింది. అయినా తీయడానికి రెండు గంటలు చెమటోడ్చాం, ఎముక కింద ఉన్న గరుకు లోహాన్ని పట్టుకుని వదల్లేదు. నా లెక్కలో పూత ఎముకని లోహం దాకా తీసుకొచ్చే మధ్యవర్తి. పెళ్లి కుదిర్చాక అతను ఇంట్లోనే ఉండాలని లేదు. కానీ అతను వెళ్లిపోయాక పట్టుకోడానికి కింద గరుకు ఉండాలి. నున్నటి లోహం మీద పూత వేస్తే గొడవే.

నాన్నకోసం
మధ్యలో వచ్చినందుకు ఏమీ అనుకోకండి. మా నాన్నగారికి తుంటి మార్పిడి చెప్పారు, వయసు 74. పూత ఉన్నది అడగాలా? ఇవన్నీ చదివాక భయం ఎక్కువైంది.

తుంటిడాక్టర్
@నాన్నకోసం భయపడకండి. ఆ వయసులో ఎముక నాణ్యత బట్టి సిమెంట్‌తో పెట్టడమా, సిమెంట్ లేకుండానా అన్నది అసలు ప్రశ్న. సిమెంట్ వాడితే ఈ పూత చర్చే రాదు. మీ సర్జన్‌ని "ఏ రకం పెడుతున్నారు, మా నాన్నగారి ఎముకకి అదే ఎందుకు, మీరు ఎక్కువగా వాడేది అదేనా" అని అడగండి. చేయి తిరిగిన ఇంప్లాంట్ మేలు. పూత పేరు చూసి ఎంచుకోవద్దు.

నాన్నకోసం
థాంక్యూ సార్. రాసుకున్నా.

పీక్_ప్రేమికుడు
మా పీక్ ప్లాస్టిక్ గురించి ఎవరూ మాట్లాడరేం? దాని గట్టిదనం 3, 4 గిగాపాస్కల్స్, టైటానియం మిశ్రమానిది 110 దాకా. ఎముక మీద భారం సహజంగా పడుతుంది, ఎక్స్‌రేకి అడ్డు రాదు. ఒక్కటే చిక్కు, ఎముక దాన్ని పట్టించుకోదు, చుట్టూ పీచు కణజాలం కట్టేస్తుంది. పూత అవసరం నిజంగా ఉన్నది మాకే. 343 డిగ్రీలకే కరుగుతుంది కాబట్టి @రాత్రిషిఫ్ట్_స్కాలర్ లాగా 600లో కాలిస్తే గిన్నెలో గంజి మిగులుతుంది.

ఎక్స్‌ఆర్‌డీ_ఎల్లయ్య
అందరూ చరిత్రలోకి పోయిన్రు, పిల్లగాడి డిస్కులు ఎవరికీ పట్టలే. తమ్మీ, ఎక్స్‌ఆర్‌డీ (ఎక్స్‌రేతోని ఏ స్ఫటికముందో చూసే పరీక్ష) తీసినవా? ఏ కోణాల్ల పీకులు, అంటే గ్రాఫ్‌ల పైకి లేచే మొనలు, ఉన్నయో చెప్పు. "హైడ్రాక్సీఅపటైట్ వచ్చింది" అని కాదు, నంబర్లు చెప్పు.

రాత్రిషిఫ్ట్_స్కాలర్
తీశా అన్నా. 25.9, 31.8, 32.2, 32.9 ఉన్నాయి, అవి అపటైట్‌వే. 35.1, 38.4, 40.2 టైటానియంవి. 38.4కి ఎడమ పక్కన 37.4 దగ్గర చిన్న బొడిపె ఉంది, అది టైటానియం పీకే కాస్త వెడల్పయిందని వదిలేశా.

ఎక్స్‌ఆర్‌డీ_ఎల్లయ్య
గదే దొంగ. 37.4 అంటే కాల్షియం ఆక్సైడ్. నువ్వు పూసినదాంట్ల సున్నం ఉంది.

సున్నపుతేట
నన్నెవరో పిలిచారు.

బఫర్‌బాబు
@ఎక్స్‌ఆర్‌డీ_ఎల్లయ్య ఆగన్నా. 600లో గాలిలో కాల్చాడు, టైటానియం పైన ఆక్సైడ్ మందంగా పెరుగుతుంది. ఆ ఆక్సైడ్‌లో ఒక రకమైన అనటేజ్‌కి 37.8 దగ్గర ఒక పీక్ ఉంది. అది ఎందుకు కాకూడదు?

ఎక్స్‌ఆర్‌డీ_ఎల్లయ్య
అనటేజ్ అయితే దాని పెద్ద పీక్ 25.3 కాడ గట్టిగ లేవాలె. పెద్దది లేకుండ చిన్నది ఒక్కటే ఎట్లొస్తది? తమ్మీ, 25.3ల ఏమన్న ఉందా?

రాత్రిషిఫ్ట్_స్కాలర్
ఏమీ లేదు అన్నా. చదునుగా ఉంది. 27.4 దగ్గర చిన్నగా రూటైల్ (ఆ ఆక్సైడ్‌లో ఇంకో రకం) ఉందేమో అంతే.

కణాలకాపరి
అయ్యో, నువ్వు మొదట్లోనే చెప్పావు, నేనే దాటేశాను! మీడియా ముదురు గులాబీ. మీడియాలో ఉండే ఫినాల్ రెడ్ రంగు ఎర్రగా ఉందంటే పీహెచ్ 7.4 దగ్గర, గులాబీ ముదిరి వంగపండు రంగుకి పోతుందంటే క్షారం పెరిగినట్టు. హుడ్‌లో బయట పెడితే కార్బన్ డయాక్సైడ్ పోయి రంగు మారే మాట నిజమే, కానీ అది ప్లేట్ మొత్తానికి మారాలి. ఉత్త టైటానియం వెల్స్ కూడా గులాబీ అయ్యాయా?

రాత్రిషిఫ్ట్_స్కాలర్
లేదక్కా. అవి మామూలు ఎరుపే. ఇప్పుడు ఫోన్‌లో ఫోటో తీసి ఉన్నది మళ్లీ చూశా. ఒకే ప్లేట్‌లో పై రెండు వరుసలు ఎరుపు, కింది రెండు వరుసలు గులాబీ. మూడు నెలలుగా ఈ ఫోటో నా దగ్గరే ఉంది.

సున్నపుతేట
ఒక కంటికి వెన్న, ఒక కంటికి సున్నం అంటే ఇదే. టైటానియం కణాలకి వెన్న పెట్టి, పూత కణాలకి నిజంగానే సున్నం పెట్టాడు.

ప్లాస్మాగన్
సున్నం మాట నేను ముందే అన్నా కదా, ఎవరూ పట్టించుకోలేదు. నీళ్లు తగలగానే కాల్షియం హైడ్రాక్సైడ్ అవుతుంది. పరీక్ష సులువు: ఒక పూత డిస్క్, ఒక ఉత్త డిస్క్ విడివిడిగా రెండు మిల్లీలీటర్ల డిస్టిల్డ్ వాటర్‌లో రాత్రంతా ఉంచి పొద్దున పీహెచ్ చూడు.

ఎక్స్‌ఆర్‌డీ_ఎల్లయ్య
సున్నం ఎందుకొచ్చిందో గది ముఖ్యం. కాల్షియం ఫాస్ఫరస్ నిష్పత్తి 1.67 ఉండాలె. కాల్షియం ఎక్కువైనా, ఫాస్ఫరస్ మధ్యల ఎగిరిపోయినా మిగిలిన కాల్షియం సున్నమైతది. నీ ఫాస్ఫరస్ ఎందులకెళ్లి వస్తుంది?

రాత్రిషిఫ్ట్_స్కాలర్
ట్రైఇథైల్ ఫాస్ఫైట్ అన్నా. కాల్షియం నైట్రేట్‌తో కలుపుతా. తూకం 1.67కే వేశా, నాలుగుసార్లు చూసుకున్నా.

బఫర్‌బాబు
ఫాస్ఫైట్‌ని ముందు నీళ్లతో ఎంతసేపు కలిపి ఉంచావు?

రాత్రిషిఫ్ట్_స్కాలర్
...రెండు గంటలు. ప్రోటోకాల్‌లో 24 అని ఉంది. ఆ వాసన భరించలేక ల్యాబ్‌లో అందరూ గొడవ పెట్టారు. ఫ్యూమ్ హుడ్ (వాసనల్ని ఫ్యాన్‌తో బయటికి లాగే అర) ఇంకొకరి సెటప్‌తో నిండి ఉండేది. అందుకని తగ్గించా. ద్రావణం తేటగానే కనిపించింది.

బఫర్‌బాబు
దొరికింది. నా కాల్షియం లాగుడు సిద్ధాంతం వెనక్కి తీసుకుంటున్నా. ఫాస్ఫైట్ నీళ్లతో పూర్తిగా చర్య జరిగితే ఆ కంపు పోతుంది, అదే దానికి గుర్తు. కంపు కొడుతోందంటే చర్య జరగని ఫాస్ఫైట్ ఇంకా ఉన్నట్టు. దాన్ని డిస్క్ మీద పూసి వేడి చేస్తే ఆవిరై పోతుంది. కాల్షియం మాత్రం ఎక్కడికీ పోదు. నువ్వు తూచింది 1.67 కావచ్చు, డిస్క్ మీద మిగిలింది ఇంకా ఎక్కువ. మీ ల్యాబ్ వాళ్ల ముక్కులకి పోయింది నీ పూతలో ఉండాల్సిన ఫాస్ఫరస్.

దంతవేదాంతి
గైడ్ గారు "నీ చేతిలోనే ఏదో ఉంది" అన్నది నిజమైందన్నమాట. ఈ మాట ఆయనకి చెప్పకు.

రాత్రిషిఫ్ట్_స్కాలర్
నీళ్ల పరీక్ష ఫలితం: ఉత్త డిస్క్ నీళ్లు 6.1, పూత డిస్క్ నీళ్లు 9.8. మూడు డిస్కులతో చేశా, మూడూ 9.5 పైనే. నోట మాట రాలేదు.

కణాలకాపరి
ఏడవకు. ఉన్న డిస్కుల్ని బాగా పలచటి యాసిడ్‌తో కొద్దిసేపు కడిగి, నీళ్లతో కడిగి వాడేవాళ్లూ ఉన్నారు. కానీ యాసిడ్ అపటైట్‌ని కూడా కొరుకుతుంది. నా మాట విని కొత్తగా చెయ్యి.

ఇంకోటి. నీ టైటానియం కాంటాక్ట్ యాంగిల్ 70 దాటింది అన్నావు. అంటే అది ముసలి టైటానియం. కొత్తగా యాసిడ్ పట్టించిన టైటానియం మీద నీటి చుక్క నిలవదు, పరుచుకుపోతుంది. కొన్ని వారాలు గాలిలో ఉంచితే గాల్లోని కర్బన మలినాలు పేరుకుని నీళ్లని తోసేస్తుంది. అందుకే కొన్ని ఇంప్లాంట్లని సెలైన్‌లో ముంచి సీల్ చేస్తారు, కొందరు యూవీ కాంతి పెట్టి మళ్లీ పడుచుని చేస్తారు. నువ్వు పోల్చేది ముసలిదానితోనా, పడుచుదానితోనా అన్నది పేపర్‌లో రాయాలి.

ఊరికే_చూస్తా
అక్కా, ఒక చిన్న డౌట్. నీళ్లు పరుచుకుంటే కణానికి ఏం లాభం? కణం నీటి చుక్క కాదు కదా.

కణాలకాపరి
@ఊరికే_చూస్తా మంచి ప్రశ్న. కణం అసలు లోహాన్ని గానీ పూతని గానీ నేరుగా ముట్టుకోదు. అది దిగేలోపే, సెకన్లలో, సీరంలోని ప్రోటీన్లు ఉపరితలం మీద పరుచుకుంటాయి. ఫైబ్రోనెక్టిన్, విట్రోనెక్టిన్ లాంటివి సరైన వాటంలో కూర్చుంటే వాటిలోని ఆర్జీడీ అనే మూడు అమైనో ఆమ్లాల ముక్కని కణం ఇంటిగ్రిన్లతో (దాని మీదుండే కొక్కేల్లాంటి ప్రోటీన్లు) పట్టుకుంటుంది. ఉపరితలం చేసే పనల్లా ఏ ప్రోటీన్ ఎలా కూర్చోవాలో నిర్ణయించడం. మనం పరుపు మీద పడుకుంటున్నాం అనుకుంటాం, నిజానికి పడుకునేది దుప్పటి మీద.

పీక్_ప్రేమికుడు
బ్యాక్టీరియా కూడా అదే దుప్పటి మీద పడుకుంటుంది. గ్రిస్టీనా అనే పరిశోధకుడు 1987లో "ఉపరితలం కోసం పరుగు పందెం" అన్నది దీన్నే. మన కణం ముందు చేరితే మనది, సూక్ష్మజీవి ముందు చేరితే దానిది. కణానికి నచ్చే గరుకు దానికీ నచ్చుతుంది.

రాత్రిషిఫ్ట్_స్కాలర్
ఐదు వారాల తర్వాత వచ్చా. ఫాస్ఫైట్‌ని 24 గంటలు ఉంచా, కంపు పూర్తిగా పోయాకే కాల్షియం కలిపా. 37.4 దగ్గర బొడిపె మాయం. నీళ్ల పరీక్ష 7.3. మీడియా ప్లేట్ అంతా ఒకే ఎరుపు.

ఎంటీటీ మూడో రోజు: పూత, ఉత్త టైటానియం దాదాపు సమానం. కణాలు చావట్లేదు, సంతోషమే. కానీ పూత ఎక్కువ రావాలి కదా? సమానమైతే నేనేం రాయను?

కణాలకాపరి
ఎక్కువ కణాలు కావాలంటే క్యాన్సర్ పెంచుకో. ఎముక కణం ముదరడం మొదలెట్టాక విభజన తగ్గిస్తుంది. గరుకు టైటానియం మీద ఎంజీ63 అనే ఎముక కణాల సంఖ్య తగ్గి, ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ (కణం ముదురుతోందని చూపే ఎంజైమ్) పెరగడం ఎప్పటి నుంచో తెలిసిన సంగతే. మూడో రోజు ఎంటీటీ చెప్పేది "చావలేదు" అని మాత్రమే. ఏడు, పద్నాలుగు రోజులకి ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ కొలువు, దాన్ని కణాల సంఖ్యకి కొలమానమైన డీఎన్‌ఏతో భాగించు.

ఖనిజం చూడటానికి అలిజరిన్ రెడ్ వేస్తావు కదా, జాగ్రత్త. అది కాల్షియానికి అంటుకునే రంగు. నీ పూతే కాల్షియం. కణాలు వేయని డిస్క్‌కి కూడా అన్ని రోజులూ అదే మీడియా మార్చి, అదే రంగు వేసి పక్కన పెట్టు.

రాత్రిషిఫ్ట్_స్కాలర్
@కణాలకాపరి మీరు చెప్పింది చదివి నవ్వా, తర్వాత చేసి చూశా. కణాలే లేని పూత డిస్క్ కుంకుమలో ముంచినట్టు ఉంది. ఇది లేకుండా పంపి ఉంటే రివ్యూయర్ కంటే ముందు మా గైడే చంపేసేవారు. ఏడో రోజు ఫాస్ఫటేజ్ ప్లేట్ ఇప్పుడే ఇంక్యుబేటర్‌లో ఉంది. కొత్త సోల్ (పూత ద్రావణం) కూడా మొదలెట్టా, ఈసారి ఫ్యూమ్ హుడ్‌లోనే, రాత్రంతా కాపలా.

సున్నపుతేట
హుడ్ ఫ్యాన్ ఆన్ చేశావా?

రాత్రిషిఫ్ట్_స్కాలర్
ఒక్క నిమిషం.